పంటికి తరుగెంత, మజూరీ ఎంత?

ప్రొద్దుటూరులో బంగారం కొనేవాళ్లకు ఒక సుఖం ఉంది. పొద్దున ఒక రేటు వస్తుంది. ఏ అంగడికి పోయినా గ్రాముకు అదే రేటు చెబుతారు. బేరమంతా తరుగు దగ్గర, మజూరీ దగ్గరే. పళ్ల డాక్టర్ల దగ్గర ఆ సుఖం లేదు.

పోయిన ఏడాది మా మేనత్త నిప్పట్టు కొరుకుతుంటే కింది దవడ పన్ను విరిగింది. ఎప్పుడో సిమెంట్ పెట్టించుకున్న పన్నే. ప్రొద్దుటూరులో ఒకచోట, కడపలో రెండుచోట్ల చూపిస్తే మూడు రేట్లు చెప్పారు: 8,000, 15,000, 38,000. "ఏమ్రా, పంటికి కూడా తరుగూ మజూరీ ఉంటాయా?" అని అడిగింది అత్త. మామ బంగారం అంగట్లో నలభై ఏళ్లుగా గుమాస్తా. ఆ ఇంట్లో ఏ లెక్కైనా ఆ భాషలోనే నడుస్తుంది.

అప్పుడు నవ్వేశాను గానీ, తర్వాత ఆలోచిస్తే ఆమె అడిగిందే అసలు ప్రశ్న. ఆ ముగ్గురిలో ఎవరూ మోసం చేయలేదు. ముగ్గురూ మూడు వేర్వేరు పనుల ధర చెప్పారు, అంతే. ఎనిమిది వేలన్నాయన పన్నును నిలబెట్టి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తానన్నాడు. పదిహేను వేలన్నామె పన్ను తీసేసి బ్రిడ్జి కడతానంది. ముప్పై ఎనిమిది వేలు ఇంప్లాంటుకు, అంటే ఎముకలో స్క్రూ బిగించి దాని మీద కూర్చోబెట్టే పంటికి. మనం "పంటికెంత?" అని అడిగి ఊరుకుంటాం. ఆ డబ్బుకు నోట్లో ఏం పోతుంది, ఏం మిగులుతుంది అన్నది అడగం.

పన్ను నిజంగా పోయిందా?

ముందు తేలాల్సింది ఇదే. పైభాగం ఎంత విరిగినా, వేరు గట్టిగా ఉంటే పన్నును చాలాసార్లు బతికించుకోవచ్చు. రూట్ కెనాల్ అంటే పంటి లోపల నరమూ రక్తనాళాలూ ఉండే గుజ్జును తీసేసి, వేర్లలోని సన్నని కాలువలను శుభ్రం చేసి, గట్టాపర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో మూసేయడం. మా వైపు ప్రైవేటు క్లినిక్కుల్లో దవడ పంటికి ఇంచుమించు 3,000 నుంచి 6,000 దాకా తీసుకుంటున్నారు. క్యాప్ ఖర్చు వేరే. పూర్తి మెటల్ క్యాప్ 2,000 చుట్టుపక్కల, మెటల్ మీద పింగాణీ వేసింది 3,000 నుంచి 5,000, పంటి రంగులో ఉండే జిర్కోనియా అనే గట్టి పదార్థంతో చేసింది 7,000 నుంచి 15,000 దాకా ఉంటాయి.

ఇక్కడ మనవాళ్లు మామూలుగా చేసే తప్పొకటుంది. రూట్ కెనాల్‌తో నొప్పి పోతుంది. నొప్పి పోయింది గదా, క్యాప్ సంగతి సంక్రాంతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. అప్పటికే సగం బోలైన దవడ పన్ను, క్యాప్ లేకుండా నమిలే బరువు మోయలేదు. ఏదో ఒకరోజు చెనిక్కాయ పలుకు దగ్గరే నిలువునా చీలుతుంది. రూట్ కెనాల్‌కు పెట్టిన డబ్బు కూడా దాంతోపాటే పోతుంది.

క్యాప్ నిలవాలంటే చిగురు పైన చుట్టూ రెండు మిల్లీమీటర్లైనా గట్టి పన్ను మిగిలుండాలి. చీలిక వేరులోకి దిగిపోయినా, పన్ను చుట్టూ ఎముక కరిగి పన్ను ఊగుతున్నా, రూట్ కెనాల్ మీద డబ్బు పెట్టడం దండగ. అత్త విషయంలో అదే జరిగింది. ఎనిమిది వేలన్న డాక్టరే పన్ను తెరిచి చూసి, చీలిక రెండు వేర్లు విడిపోయే చోటి దాకా పోయిందని చూపించి, "అమ్మా, దీన్ని నిలబెట్టలేం" అన్నాడు. తెరిచి చూసినందుకు డబ్బులు కూడా తీసుకోలేదు.

క్యాప్‌ల మాట వచ్చింది కాబట్టి బంగారు పన్ను గురించి ఒక మాట. మా అబ్బ కాలంలో ముందు పంటికి బంగారు తొడుగు వేయించుకుని, నవ్వకపోయినా నవ్వినట్టు పెదవి ఎత్తి తిరిగేవాళ్లు ఉండేవాళ్లు. అది డాబే కానీ, దవడ పళ్లకు బంగారం నిజంగానే మంచి పదార్థం. పగలదు, ఎదురు పన్నును అరగదీయదు, అంచు దగ్గర బిగుతుగా కూర్చుంటుంది. ఇప్పటి రేటు చూస్తే మామ కూడా ఆ మాట ఎత్తడు. జిర్కోనియాది పింగాణీని మించిన గట్టిదనం, రంగు కూడా పంటి రంగే. దానితో పది, పదిహేనేళ్ల వారంటీ కార్డు ఇస్తారు. ఆ వారంటీ పగిలిన క్యాప్‌కే. క్యాప్ కింద మీ సొంత పన్ను పుచ్చితే ఆ కార్డు పనికిరాదు. క్యాప్‌లు చెడేది పగలడం కంటే కింద పన్ను పుచ్చడం వల్లే ఎక్కువ.

ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది?

పన్ను తీశాక "అట్లే వదిలేస్తే ఏం?" అని అత్త అడిగింది. కొన్ని పళ్లకు ఆ మాట సరైనదే. జ్ఞానదంతం పోతే దాని స్థానంలో ఏదీ పెట్టక్కర్లేదు. చివరి దవడ పన్ను పోయినా చాలామందికి వదిలేయొచ్చు. నమలడానికి 32 పళ్లూ అక్కర్లేదు. జపాన్‌లో 1989 నుంచి నడుస్తున్న ఒక ప్రచారం పేరు 8020. 80 ఏళ్ల వయసులో 20 సొంత పళ్లు ఉంటే చాలన్నది దాని లెక్క.

కానీ అత్తకు పోయింది ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి దవడ పన్ను. నమిలే బరువులో పెద్ద వాటా దానిదే. అక్కడ ఖాళీ వదిలితే వెనక పన్ను ముందుకు వంగుతుంది. ఎదురుగా ఉన్న పై పన్ను తాకడానికి ఏమీ లేక నెమ్మదిగా కిందికి దిగుతుంది. పన్ను తీసిన చోట ఎముక కూడా కరుగుతుంది. మొదటి ఏడాదిలోనే దాని వెడల్పు దాదాపు సగం దాకా తగ్గొచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఐదేళ్ల తర్వాత ఇంప్లాంట్ అని పోతే, స్క్రూ పట్టేంత ఎముక లేదు, ముందు ఎముక పొడి వేయాలి అంటారు. దానికి 5,000 నుంచి 15,000 దాకా అదనం. పై దవడ వెనక భాగంలోనైతే దాని పైనుండే సైనస్ అనే గాలి గది పొరను పైకెత్తే సర్జరీ కూడా కావాల్సి రావచ్చు, అది ఇంకా ఎక్కువ.

తీసి పెట్టుకునేదా, బ్రిడ్జా, స్క్రూ పన్నా?

తీసి పెట్టుకునే పన్ను అన్నిటికన్నా చవక. ఒక పంటికి ప్లాస్టిక్‌దైతే 1,000 నుంచి 2,000. మెత్తగా వంగే ఫ్లెక్సిబుల్ రకం 3,000 నుంచి 6,000. లోహపు చట్రంతో పోత పోసింది ఇంకా ఎక్కువ, కానీ గట్టిగా నిలుస్తుంది. రాత్రి తీసి నీళ్లలో పెట్టాలి, వేణ్నీళ్లలో వేయకూడదు. ముందు పన్ను పోయి, పెళ్లి నెలలో ఉన్న అమ్మాయికి తాత్కాలికంగా ఇది చక్కటి దారి. దవడ పంటికి మాత్రం నాకు నచ్చదు. ఒకే ఒక్క పన్ను కోసం నోట్లో చట్రం మోయడం విసుగు. నెల తిరిగేసరికి అది గ్లాసులోనే ఉండిపోవడం మా ఇంట్లోనే చూశాను.

బ్రిడ్జి విషయంలో మొదట అర్థం చేసుకోవాల్సింది లెక్క. పోయింది ఒక పన్ను, డబ్బు కట్టేది మూడు పళ్లకు. ముందు పన్ను, వెనక పన్ను రెండింటినీ అరగదీసి వాటికి క్యాప్‌లు వేసి, నడుమ ఒక పన్నును వేలాడదీస్తారు. క్యాప్ 5,000 అంటే బ్రిడ్జి 15,000. అత్తకు చెప్పిన రేటు అదే. అదే బ్రిడ్జిని పదివేల జిర్కోనియాతో వేయించుకుంటే 30,000, అంటే ఇంప్లాంట్ దగ్గరికి వచ్చేసినట్టే.

అత్త అడిగిన తరుగు ఇక్కడ ఉంది. క్యాప్ కోసం పన్నును అరగదీస్తే దాని పైభాగంలో సగానికి పైగానే పోతుంది. పైనున్న ఎనామెల్ ఒకసారి పోతే మళ్లీ పుట్టదు. బంగారం తరుగైతే కనీసం బిల్లులో రాస్తారు. పక్క పన్ను తరుగును ఏ బిల్లులోనూ రాయరు. బ్రిడ్జి బాగా కుదిరి, కింద శుభ్రంగా ఉంచుకుంటే పది, పదిహేనేళ్లు వస్తుంది. తర్వాత అది చెడేది ఎక్కువగా మోస్తున్న పన్ను పుచ్చడం వల్లే. అప్పుడు ఒక పన్ను సమస్య కాస్తా రెండు పళ్లది అవుతుంది.

అలాగని బ్రిడ్జి ఎప్పుడూ తప్పే అనను. పక్క పళ్లు రెండూ అప్పటికే పెద్ద ఫిల్లింగులతోనో, పాత క్యాప్‌లతోనో ఉంటే అరగదీతలో కొత్తగా పోయేది తక్కువ. అలాంటి చోట బ్రిడ్జే తెలివైన పని. రెండు వారాల్లో అయిపోతుంది, సర్జరీ ఉండదు. పక్క పళ్లు చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం వాటిని ముట్టుకోనివ్వడానికి నాకు మనసొప్పదు. అత్తకు వెనక పంటికి ఎప్పటిదో క్యాప్ ఉంది. ముందున్నది తాజా పన్ను. మధ్యస్థంగా ఉన్న కేసు. అందుకే ఇద్దరు మంచి డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారు.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలోకి బిగించే టైటానియం స్క్రూ. ఎముక టైటానియాన్ని పరాయి వస్తువుగా చూడకుండా దానికే అతుక్కుని పెరుగుతుంది. ఈ సంగతిని 1950లలో స్వీడన్‌కు చెందిన డాక్టరు బ్రోనెమార్క్ కుందేళ్ల ఎముకల మీద వేరే పరిశోధన చేస్తూ కనిపెట్టాడు. ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోతే రాలేదు! 1965లో ఆయన మొదటి మనిషికి ఇంప్లాంట్లు వేశాడు. అవి వేయించుకున్న ఆ మనిషి 2006లో చనిపోయే దాకా వాటితోనే తిన్నాడు, నలభై ఏళ్లకు పైగా.

ధర దగ్గర గందరగోళం ఎందుకంటే, ఇంప్లాంటులో మూడు ముక్కలు ఉంటాయి. ఎముకలో స్క్రూ, దాని మీద బిగించే అబట్‌మెంట్ అనే దిమ్మ, ఆ పైన క్యాప్. "ఇంప్లాంట్ 15,000 మాత్రమే" అని గోడ మీద రాసిన చోట ఆ డబ్బు చాలాసార్లు మొదటి ముక్కకే. మూడూ కలిపి మా వైపు కొరియా, ఇజ్రాయెల్ కంపెనీల సరుకుకు 25,000 నుంచి 40,000 దాకా అవుతోంది, స్విట్జర్లాండ్ కంపెనీలదైతే అంతకు పైనే. సీబీసీటీ అనే మూడు కొలతల ఎక్స్‌రేకు 1,500 నుంచి 3,000 వేరుగా పడొచ్చు. కాబట్టి అడగాల్సింది "ఇంప్లాంటెంత?" అని కాదు. క్యాప్ కూర్చుని నేను నమిలే రోజుకు మొత్తం ఎంతవుతుంది, స్కాన్, ఎముక పొడి అందులో ఉన్నాయా, స్క్రూ పట్టకపోతే మళ్లీ వేసేది ఎవరి ఖర్చుతో అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. రాయించుకుంటే డాక్టరు నొచ్చుకుంటాడని మనవాళ్లకు ఒక మొహమాటం. రాసివ్వడానికి నొచ్చుకునే డాక్టరైతే వేరే డాక్టరును చూసుకోవచ్చు.

స్క్రూ వేశాక కింది దవడలో మూడు నెలలు, పైదాంట్లో నాలుగు నుంచి ఆరు నెలలు ఆగి క్యాప్ వేస్తారు. ఇంప్లాంట్ పుచ్చదు, నిజమే. కానీ దాని చుట్టూ చిగురు చెడి ఎముక కరగొచ్చు. పొగతాగేవాళ్లకు, గుట్కా, ఖైనీ నములుతున్నవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. వక్కాకులో పొగాకు కలుపుకుని బుగ్గన పెట్టుకునే అలవాటు మా వైపు ఇంకా పోలేదు. అది మానకుండా ముప్పై వేల స్క్రూ వేయించుకోవడం అంటే ఉప్పునేలలో చీనీ మొక్క నాటినట్టే.

షుగరు సంగతి ఇంకా ముఖ్యం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అత్తకు 9.4 వచ్చింది. 8 దాటితే చాలామంది డాక్టర్లు ఇంప్లాంటుకు ఆగమంటారు. గాయం మానదు, చీము పట్టే భయం. ఎముకలు గుల్లబారుతున్నాయని అలెండ్రోనేట్ మాత్రలు గానీ, ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ గానీ తీసుకుంటున్న పెద్దవాళ్లు పన్ను పీకించుకునే ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. వాటివల్ల అరుదుగానైనా దవడ ఎముక గాయం మానకుండా పోయే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపేయకూడదు, గుండె డాక్టరును అడగాలి.

మొత్తం పళ్లు పోయినవాళ్ల లెక్క వేరు. మామూలు పళ్ల సెట్టు 12,000 నుంచి 30,000లో వస్తుంది. పైసెట్టు అంగిలికి అతుక్కుని నిలుస్తుంది. కిందిసెట్టుకు ఆ ఆసరా లేదు, నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది. సెట్టుతో నమిలే బలం సొంత పళ్ల బలంలో నాలుగో వంతు ఉంటే గొప్పే. అందుకే పళ్ల సెట్టు పెట్టుకున్న జేజమ్మలు జొన్నరొట్టె పాలల్లో నానబెట్టుకుని, సంగటికే సరిపెట్టుకుంటారు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో సమావేశమైన నిపుణులు కిందిసెట్టుకు మొదటి ఎంపికగా రెండు ఇంప్లాంట్లు వేసి, వాటికి సెట్టును టిచ్ బటన్‌లా బిగించే పద్ధతినే సూచించారు. లక్షకు అటూ ఇటూ అవుతుంది. నా మట్టుకు, పెద్దవాళ్లకు డబ్బుకు తగ్గ ఫలితం దీంట్లోనే ఎక్కువ. దవడకు నాలుగు ఇంప్లాంట్ల మీద కదలని పళ్లు కూర్చోబెట్టడానికి ఒక్కో దవడకు లక్షన్నర నుంచి మూడు లక్షలు. "మూడు రోజుల్లో పళ్లు" అనే ప్రకటనలు పూర్తిగా అబద్ధం కావు. ఎముక గట్టిగా ఉండి, స్క్రూలు బిగుతుగా పట్టినవాళ్లకు వెంటనే పళ్లు పెట్టొచ్చు. ప్రకటన చూసి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ ఎముక ఉండదు.

అనంతపురం జిల్లావాళ్లకు, పులివెందుల వైపువాళ్లకు ఇంకో మాట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, గీతలు వస్తాయి. పళ్లు చిగుళ్ల లోపల తయారవుతున్న వయసులో పడిన మచ్చలవి. ఎంత తోమినా పోవు, క్లీనింగుతోనూ పోవు. సత్యసాయి మంచినీళ్లు వచ్చిన ఊళ్లలో పిల్లల పళ్లు చూసి సంతోషపడే పెద్దవాళ్ల నోళ్లలో ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. అవి పాడైన పళ్లు కావు, మచ్చపడిన పళ్లు. పైపొర పలుచగా రుద్దడం, కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగు పదార్థం పూయడం, మరీ ముదిరితే ముందువైపు వెనీర్లు అనే సన్నని పెంకులు అతికించడం, ఇవి సరిపోతాయి. పెళ్లిచూపుల తొందరలో ఆరేడు గట్టి పళ్లను అరగదీసి క్యాప్‌లు వేయించుకున్న ఇరవై రెండేళ్ల పిల్లలను చూశాను. నలభై ఏళ్లకు ఆ క్యాప్‌లు మార్చాలి, అరవైకి మళ్లీ.

చవకగా కావాలంటే దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, కర్నూలులో జి.పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కళ్ల ముందు చేస్తారు కాబట్టి ఎక్కువసార్లు తిరగాలి, ఒక్కో సిట్టింగు గంటలు పడుతుంది. బయటితో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. కాలికి పని తప్ప జేబుకు పని తక్కువ. ఆరోగ్య బీమా మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ప్రమాదంలో పళ్లు పోతే తప్ప మామూలు పాలసీలు పళ్లకు డబ్బివ్వవు. సంతల్లో, బస్టాండు పక్కన డిగ్రీ లేకుండా తీగ చుట్టి, ప్లాస్టిక్ పన్నును పక్క పళ్లకు అతికించేవాళ్ల దగ్గరికి పోయి ఐదొందలు ఆదా చేశామనుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండానే మూడు పళ్లు పీకించుకోవడానికి వస్తారని కడప డాక్టరమ్మ ఒకామె నాతో అంది.

అత్తకు పన్ను తీయించాక నాలుగు నెలలు ఆగాం. ఎముక మానడానికీ, షుగరు దిగడానికీ అదే గడువు సరిపోయింది. రాత్రి అన్నం తగ్గించి, పెన్నా గట్టు దాకా నడిచి 7.3కి తెచ్చుకుంది. తాజా పన్నును అరగదీయించడం ఆమెకూ ఇష్టం లేకపోయింది. "ఉన్న నగను కరిగించి లేని నగకు కొక్కెం చేయించుకుంటామా?" అని తేల్చేసింది. ఇంప్లాంటే. స్కాన్‌తో కలిపి 40,000 అయింది.

క్యాప్ వేసిన రోజు మామ కూడా వచ్చాడు. బిల్లు అటూ ఇటూ తిప్పి చూసి, "డాక్టర్ సార్, మా నగల మీద ఆరక్షరాల హాల్‌మార్క్ నంబరు ఉంటుంది. దీనికి లేదా?" అని అడిగాడు. నేను సిగ్గుపడ్డాను. డాక్టరు మాత్రం లోపలికి పోయి, ఇంప్లాంట్ డబ్బీ మీది స్టిక్కరును ఊడదీసి తెచ్చిచ్చాడు. కంపెనీ పేరు, స్క్రూ పొడవు, వెడల్పు, లాట్ నంబరు అన్నీ దాని మీద ఉన్నాయి. "పదేళ్ల తర్వాత ఏ బెంగళూరులోనో దిమ్మ లూజైతే, ఏ సైజు కీ కావాలో అక్కడి డాక్టరుకు ఇది చూస్తే తెలుస్తుంది. ఎవరూ అడగరండీ దీన్ని" అన్నాడు.

అది ఇప్పుడు అత్త బీరువాలో నగల రసీదుల మధ్య ఉంది.